ముప్పై మీద కొసరు

హలో! హలో, వినబడుతోందా అండి? మా దుంపలవలసలో సిగ్నల్ కావాలంటే పిండిమిల్లు గుమ్మం దాటి రోడ్డు మీదకు రావాలి. వచ్చి నిలబడ్డాను. అందరూ బాగున్నారా? భోజనాలయ్యాయా? ఫోన్ పెట్టేయకండి, ఒక పెద్ద విషయం చెప్పాలి. మాటల్లో తప్పులుంటే సర్దుకోండి, నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి. ఈ మధ్యనే మళ్లీ ఒకటో తరగతిలో చేరాను. అదెలా జరిగిందో చెబుదామనే ఇదంతా.

మా ఊరి చిన్నబడి మా మిల్లు గోడకి ఆనుకునే ఉంటుంది. ఆ బడి తల్లిదండ్రుల కమిటీకి ఛైర్మన్ని నేనే. గొప్ప చెప్పుకోవడం కాదు. ఎన్నిక రోజున కుంభవృష్టి కురిసింది. గొడుగు లేకుండా బడికి వెళ్లగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏకగ్రీవం అన్నారు.

బడిలో హైమావతి టీచర్ గారని ఉన్నారు. చిన్నపిల్లలకి లెక్కలు ఆవిడ పుస్తకం తెరిచి చెప్పరు. నేల మీద చింతపిక్కలు, ఈనెపుల్లలు, మునగకాడలు పోసుకుని మధ్యలో కూర్చుంటారు. మునగకాడల ముసలమ్మ కథ మొదలెడతారు. ముసలమ్మ సంతకి కాడలు తెస్తుంది. ఒక్కొక్కటీ ఏరుతుంది. పది కాగానే నారతో ముడేస్తుంది, అది కట్ట. మళ్లీ పది, మళ్లీ కట్ట. ఇంక కట్టకి చాలకుండా మిగిలినవి ఉంటాయి కదా, వాటిని పారేయదు. ఒళ్లో పెట్టుకుంటుంది. ఎవరైనా కట్ట కొనగానే ఒళ్లోంచి ఒకటి తీసి పైన వేస్తుంది. అదీ కొసరు.

"ఇరవై మూడంటే ఏంటర్రా?" అని అడుగుతారావిడ.

"రెండు కట్టలు, మూడు కొసర్లూ!" అని గది దద్దరిల్లిపోయేలా అరుస్తారు పిల్లలు. అంకె రాయడం రాని గుంటలు కూడా. గోడ ఇవతల పిండి పడుతున్న నాకు కూడా వచ్చేసిందంటే చూసుకోండి. రాత్రి నిద్రలో కూడా బస్తాలు కట్టలు కడుతున్నానని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.

అంతా హాయిగా జరిగిపోతుండగా పరాంకుశం గారు వచ్చారు.

పరాంకుశం గారంటే మండల గణిత ఉత్సాహ సమన్వయకర్త. ఆయన పని మండలంలో లెక్కల మీద ఉత్సాహం ఎంత ఉందో కొలిచి పైకి పంపడం. ఆ రోజు వెనక బెంచీ మీద కూర్చుని కథ విన్నారు. ముసలమ్మ మొదటి కట్ట కట్టేసరికి ఆయన కళ్లు మెరిశాయి. రెండో కట్టకి చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది, మాట్లాడుకుంటూ బయటకు వెళ్లారు. తిరిగి వచ్చేసరికి కథ అయిపోయింది. పిల్లలు చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

"అద్భుతమండీ హైమావతి గారూ! పదులు! దేశానికి కావలసింది పదులే. ఇది మీ నాలుగు గోడల మధ్య ఉండిపోకూడదు. ఉద్యమ స్థాయికి తీసుకువెళ్లవలసిన అవసరం ఎంతైనా ఉంది."

"అయ్యో, చివర మీరు వినలేదండీ, కొసరు దగ్గర..."

"సారాంశం గ్రహించానమ్మా," అని స్కూటరెక్కి వెళ్లిపోయారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. టీచర్ గారు చదువుతుంటే నేను నిలబడే విన్నాను, అది కూర్చుని వినే భాష కాదు.

"ఇందుమూలముగా యావన్మంది ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, దశకోద్యమంలో భాగంగా పాఠశాల ఆవరణయందు గల సమస్త సజీవ నిర్జీవ పదార్థములు పదేసి చొప్పున కట్టబడి ఉండవలెను. కట్టయందు ఇమడక మిగిలిన విడి పదార్థమును శేషము అందురు. శేషము అభ్యసన లోపమునకు చిహ్నము. శేషము కనబడిన పాఠశాలపై తగు చర్య తీసుకొనబడును."

మొదట సుద్దముక్కలు కట్టాం. బాగానే ఉంది. కంచాలు కట్టాం. కట్ట విప్పి అన్నం పెట్టి మళ్లీ కట్టేసరికి సాయంత్రం అయ్యేది, అయినా బాగానే ఉంది. ఆవరణలో క్రోటన్ మొక్కలు పదకొండు ఉన్నాయి. పదకొండోది రాత్రికి రాత్రి మా మిల్లు ముందుకు వలస వచ్చింది. చిక్కంతా ఫ్యాన్ల దగ్గర వచ్చింది. గదిలో ఫ్యాన్లు మూడే.

"మూడింటిని పది చేయడానికి నిధులు లేవు," అన్నారు పరాంకుశం గారు తనిఖీకి వచ్చి, పైకి చూస్తూ. "అయితే సున్నా చేయడానికి నిధులు అవసరం లేదు. సున్నాలో శేషం ఉండదు."

మూడూ విప్పించేశారు. జ్యేష్ఠమాసం ఎండలండి. పిల్లలు పలకలతో విసురుకుంటూ కూడికలు చేశారు.

ఇంక సజీవ పదార్థాలు. బడిలో పిల్లలు సరిగ్గా ముప్పైమంది. "దైవికం!" అన్నారు పరాంకుశం గారు. కానీ కట్ట కట్టినట్టు కనబడాలి కదా. పిల్లలకి తాడు కడితే బాగుండదని కమిటీ ఛైర్మన్‌గా నేను అడ్డుపడ్డాను. ఆయన ఒప్పుకున్నారు. "తాడు వద్దు, రబ్బరు బ్యాండ్ మానవీయం," అన్నారు. అంత పెద్ద రబ్బరు బ్యాండ్ ఎక్కడ దొరుకుతుంది? పాత లారీ ట్యూబులు కోసి నేనే మూడు తయారు చేశాను. ఒక్కో ట్యూబులో పదిమంది. ప్రార్థనకి కట్టగా రావాలి, అన్నానికి కట్టగా వెళ్లాలి.

"టీచరమ్మా, ఒకటికి!" అని ఒకడు వేలు ఎత్తేవాడు.

"మాకు రానేదు టీచరమ్మా!" అని తొమ్మిదిమంది గోల.

"రాపోయినా నడండ్రా, వొదిలీసినానంటే ఇక్కడే అయిపోద్ది!"

అలా పదిమందీ ఇరవై కాళ్ల జెర్రిలా ఆవరణ దాటేవారు. ఇందులో పిల్లలకి మాత్రం భలే సరదాగా ఉండేదని నేను దాచను. రెండో కట్ట వాళ్లు మలుపు తిరిగినప్పుడల్లా కావాలని పడిపోయేవారు.

బడికి రాతిపలక ఇచ్చారు. "శేషరహిత పాఠశాల" అని. పరాంకుశం గారు కొబ్బరికాయ కొట్టారు. కాయ రెండు చిప్పలైంది, మిగతా ఎనిమిది చిప్పల కోసం ఇంకో నాలుగు కాయలు కొట్టవలసి వచ్చింది.

ఆ మర్నాడే గౌరమ్మ వచ్చింది. చంకలో సంచి, చేతిలో అయిదేళ్ల పిల్ల.

గౌరమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి కొత్తగా కుదిరి మా ఊరు వచ్చింది. పిల్ల పేరు అసిరితల్లి, అసిరి అంటారు. టీచర్ గారు పేరు రాయబోయేసరికి అక్కడే కూర్చుని టీ తాగుతున్న పరాంకుశం గారు గ్లాసు దించారు.

"ఒక్క క్షణం. అమ్మా, మీ పాపని చేర్చుకుంటే ముప్పై ఒకటి అవుతుంది. అంటే గణితశాస్త్ర రీత్యా మీ పాప శేషం."

"కాదు బావూ, మాది పడాల ఇంటిపేరు."

"ఒంటరి ప్రవేశానికి మన హాజరు యాప్‌లో వెసులుబాటు లేదమ్మా. తొమ్మిదిమంది సహశేషాలను సమకూర్చుకొని రండి. సంపూర్ణ దశకంగా సాదరంగా నమోదు చేస్తాం."

గౌరమ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "తొమ్మండుగుర్ని నానెక్కడ కనీది బావూ? మా గుంట నాన్న సెన్నై ఎల్లి ఏడాదైపోనాది."

"దశలవారీగా ప్రయత్నించవచ్చు."

"నీ దశ తగలెయ్య!" అనేసి, వెంటనే టీచర్ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "అమ్మా, జీడిపిక్కలు కాల్సే డ్రమ్ముల కాడ దీన్ని కూకోబెట్టీలేనమ్మా. ఆ పొగకి దీనికి ఆయాసం. నిన్న రేత్రంతా ఊపిరి అందక ఎగపోసింది. బళ్లో కూకుంటే సాలు. నాలుగచ్చరాలు రాపోయినా పరవానేదు."

హైమావతి గారు పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి చింతపిక్కల మధ్య కూర్చోబెట్టేశారు. "నువ్వెళ్లమ్మా, డ్యూటీకి టైమవుతుంది," అన్నారు గౌరమ్మతో.

కానీ యాప్ ఊరుకోదు కదా. ముప్పై ఒకటి అని కొట్టగానే తెర ఎర్రబడింది. "శేషము గుర్తించబడినది. సరిచేయువరకు గుడ్లు నిలుపుదల చేయడమైనది." ఒక్కరి కోసం ముప్పైమంది మధ్యాహ్న భోజనం గుడ్లూ ఆగిపోయాయి. పిల్లలు కంచాల వైపు చూశారు, అమ్మలు నా వైపు చూశారు.

నేను మోటార్‌సైకిలేసుకుని పక్కూరు గెడ్డపేట బడికి వెళ్లాను. అక్కడ ముప్పై ఎనిమిదిమంది ఉన్నారు. హెడ్మాస్టరు గారికి ఎనిమిది శేషాల బెంగతో తిండి సయించడం లేదు. విషయం చెప్పగానే నన్ను కౌగిలించుకున్నారు.

"ఎనిమిదీ పట్టికెల్లిపోండి బావూ! మళ్లీ తేకండి!"

ఆటోలో ఎనిమిదిమందినీ తెచ్చాను. మా ముప్పై ఒకటి, వాళ్ల ఎనిమిది. ముప్పై తొమ్మిది.

పరాంకుశం గారు వేళ్ల మీద లెక్క పెట్టారు. "మొన్న మన శేషం ఒకటి. ఇప్పుడు తొమ్మిది. చెప్పుకోదగ్గ ప్రగతి సాధించాం. కానీ ఇంకొకరు కావాలి."

ఆయన చూపు గదంతా తిరిగింది. బ్లాక్‌బోర్డు మీద, వంటావిడ మీద, కిటికీలో కూర్చున్న కాకి మీద కాసేపు ఆగింది. చివరికి నా మీదకొచ్చి స్థిరపడింది.

"మీ విద్యార్హత?"

"ఎనిమిది, తప్పానండి."

"అంటే చదువు పూర్తి కాలేదు. బడి మానేసిన బాలలను తిరిగి చేర్పించడం మన ప్రాథమిక బాధ్యత."

"బాలలేంటండీ, నాకు యాభై మూడు!"

"వయసు కాలమ్‌లో శేషం గురించి నిబంధన లేదు," అని నన్ను ఒకటో తరగతిలో వేసేశారు. నలభై! తెర పచ్చబడింది. గుడ్లు వచ్చాయి. నాకూ ఒకటి వచ్చింది.

ఇంటికెళ్లి పలక కొనాలని చెబితే మా ఆవిడ, "ఫస్టు మార్కు రాకపోతే ఇంటికి రాకు," అంది.

నాలుగో కట్టలో నన్ను, అసిరిని, గెడ్డపేట ఎనిమిదిమందినీ కలిపి ట్యూబు వేశారు. అసిరి నా ముందు.

"తాతా, రబ్బరంతా నీ బొజ్జకే సరిపోనాది. మాకు సాల్లేదు."

"గాలి పీల్చకుండా ఉంటాన్లేవే."

అది వెనక్కి తిరిగింది. "తాతా, మనం కట్టా, కొసరా?"

"కట్టేనమ్మా. పదిమందిమి కదా."

"కొసరైతే బాగున్ను," అంది మొహం ముడుచుకుని. "కొసరైతే ముసలమ్మ ఒళ్లో కూకుంటాది."

బడికి వచ్చాక పిల్లకి ఆయాసం తగ్గింది. సాయంత్రం గౌరమ్మ వచ్చేసరికి మిల్లు అరుగు మీద చింతపిక్కలు పరిచి నాకు పాఠం చెబుతూ ఉండేది. నేను పదకొండు పిక్కల్ని కట్టలో కుక్కబోతే చేతి మీద ఒక్కటిచ్చేది.

ఇదిలా ఉండగా జిల్లా నుంచి విశాలాక్షి మేడమ్ గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. మా బడిని జిల్లాకే నమూనాగా ప్రకటిస్తారట. పరాంకుశం గారు కొత్త చొక్కా కుట్టించుకున్నారు. పది గుండీలతో.

తనిఖీ రోజు పొద్దున్నే గెడ్డపేట వెళ్లిన ఆటో ఖాళీగా వచ్చింది. ఆ ఊళ్లో అమ్మవారి పండగ. ఎనిమిదిమందిలో ఒక్కడు కూడా రానన్నాడు. మీరైతే వస్తారా? మేకపోతు ఉడుకుతుంటే?

పరాంకుశం గారికి చెమటలు పట్టాయి, పైన ఫ్యాన్ కూడా లేదు. "ముప్పై రెండు! రెండు శేషాలు! ఛైర్మన్ గారూ, మీరు ఈ క్షణం నుంచి బడి మానేయండి."

"టీసీ ఇస్తారాండి?"

"నోటిమాటగా ఇచ్చాను, వెళ్లండి! ఇంక ఆ పాప... ఇంటికి పంపండి."

"ఇంట్లో ఎవరున్నారండీ? తల్లి ఫ్యాక్టరీలో ఉంది. సాయంత్రం దాకా గేటు తియ్యరు," అన్నారు టీచర్.

"అయితే స్టోర్ రూములో ఉంచండి. ఒక గంట."

హైమావతి గారు గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. "నా బళ్లో పిల్లని గదిలో పెట్టి తలుపెయ్యనండి. మీరు నన్ను కూడా శేషం కింద రాసుకోండి. ఈ పిల్లని అంకెలో కలిపారే గాని పేరు ఇంకా ఎక్కించలేదు. ఎక్కించకపోతే రేపట్నించి డ్రమ్ముల పక్కకెళ్లిపోతుంది. అది మీ యాప్‌లో ఏ రంగులో కనబడుతుందో చెప్పండి."

జీపు హారన్ వినబడింది. పరాంకుశం గారు అటు చూశారు, ఇటు చూశారు. గది మూల ఆట సంత ఉంది: గోనెపట్టా, మునగకాడల కట్టలు, తూచకుండా ఊగే చెక్క తక్కెడ.

"అక్కడ కూర్చోపెట్టండి! విద్యార్థిగా కాదు, బోధనోపకరణంగా. విక్రేత నమూనా!" అని ఒక అట్టముక్క మీద అదే రాసి అసిరి మెడలో వేశారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను, చదువు మానేసినవాణ్ణి కదా.

విశాలాక్షి మేడమ్ గారు పెద్దావిడ, మాట తక్కువ. మూడు ట్యూబుల్లో మూడు కట్టల పిల్లలు స్వాగతం పాడారు. ఆవిడ ట్యూబులను చూశారు. పైకి చూశారు.

"ఫ్యాన్లేవీ?"

"సున్నా దశకాలు ఉన్నాయి మేడమ్," అన్నారు పరాంకుశం గారు సగర్వంగా.

ఆవిడ కర్చీఫుతో విసురుకుంటూ ఆట సంత వైపు నడిచారు. పరాంకుశం గారు ఒక్క అంగలో ముందుకొచ్చారు. "ఇక్కడ దశక వినిమయ ప్రక్రియను తమ సమక్షంలో నేనే స్వయంగా ప్రదర్శిస్తాను."

గోనెపట్టా ముందు గొంతుక్కూర్చున్నారు. అసిరి కాళ్లు బాసింపట్టు వేసుకుని, ఒళ్లో నాలుగు విడి కాడలు పెట్టుకుని ఉంది. అచ్చం ముసలమ్మే.

"పాపా, కట్ట ఎంత?"

"పది పిక్కలు."

"ఎనిమిదికియ్యి."

"కుదర్దు. ఎనిమిదంటే కట్ట కాదు."

"శభాష్," అన్నారాయన మేడమ్ వైపు చూస్తూ, కానీ చెయ్యి మాత్రం కట్టని తిప్పి తిప్పి చూస్తోంది. "ముదిరిపోయినట్టున్నాయి. తొమ్మిది తీసుకో."

"ముదిర్తే మానీ. ఎనక ఇంకోలు నిలబడున్నారు."

మేడమ్ నవ్వు ఆపుకున్నారు. పరాంకుశం గారికి పట్టుదల వచ్చింది, ఇంక అది ప్రదర్శన కాదు, బేరం. పది పిక్కలూ ఒకటొకటిగా లెక్కపెట్టి ఇచ్చారు. కట్ట చంకలో పెట్టుకున్నారు. లేవాలి కదా? లేవలేదు. కుడిచెయ్యి చాపి అలాగే ఉన్నారు. పాపం ఆయన తప్పు కాదండి. పాతికేళ్లుగా ప్రతి గురువారం సంతలో అలవాటైన చెయ్యి అది.

"ఏదీ, కొసరెయ్యవేం?" అన్నారు.

అసిరి మొహం వెలిగిపోయింది. పొద్దున్నించీ ఆ మాట కోసమే చూస్తోంది. ఒళ్లోంచి ఒక కాడ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని భద్రంగా కట్ట పక్కన దోపుకుని, తృప్తిగా లేచారు.

లేచాక తెలిసింది. గదిలో అందరూ ఆయన చేతినే చూస్తున్నారు.

"పరాంకుశం గారూ," అన్నారు మేడమ్, "మీ చేతిలో ఎన్నున్నాయి?"

"పది మేడమ్... మరియు..."

"మరియు?"

"మరియు ఒక అదనపు ప్రయోజనం."

"అది శేషం కదండీ? చర్య తీసుకోవాలేమో."

"శేషమెలా అవుతుంది మేడమ్!" ఆయనకి నిజంగానే బాధేసింది, కాడని గుండెకి హత్తుకున్నారు. "కొసరు కదా!"

"కొసరు నేకపోతే కట్ట ఎవులు కొంతారు?" అంది అసిరి.

మేడమ్ గోనెపట్టా ముందు కూర్చున్నారు. మెడలో అట్టని చదివి తీసి పక్కన పెట్టారు. "నువ్వు ఏ కట్టమ్మా?"

హైమావతి గారు ఒకడుగు ముందుకేశారు. గుమ్మంలో నేనూ.

అసిరి ట్యూబుల వైపు వేలు చూపించింది. "అయి మూడు కట్టలు. నానే కొసరునండి."

మేడమ్ పిల్లల వైపు తిరిగారు. "మొత్తం ఎంతమందర్రా మీరు?"

"మూడు కట్టలు, ఒక కొసరూ! ముప్పై ఒకటీ!" అని ముప్పైమందీ ఒకేసారి అరిచి ఎగిరేసరికి మూడు ట్యూబులూ ఫట్‌మని తెగాయి. నా పనితనం మీద నాకెప్పుడూ అంత నమ్మకం లేదు లెండి.

"లెక్క సరిగ్గానే ఉంది కదండీ, మరి ఎరుపెందుకు?" అని మేడమ్ అక్కడే కూర్చుని ఫోన్లో ఎవరితోనో మాట్లాడి అసిరి పేరు ఎక్కించారు. ముప్పై ఒకటో నంబరు. అది అయ్యాక ఒక కట్ట కొని, చెయ్యి చాపారు. "నాకు మంచి లేత కొసరు వెయ్యి."

సాయంత్రం గౌరమ్మ వచ్చాక చెబితే, పిల్లని ఎత్తి ఒళ్లో కూర్చోపెట్టుకుని చాలాసేపు బడి అరుగు మీదే ఉండిపోయింది. "ఏటే, బళ్లో ఉండిపోనావా?" అని అడిగిందే అడిగింది. అసిరి ఒళ్లో సర్దుకుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పరాంకుశం గారు ఉత్సాహం కొలిచే మనిషి. వారం తిరక్కుండా ఇంకో ఉత్తర్వు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రతి పాఠశాలయందు కట్టలకు అదనముగా కనీసము ఒక్క కొసరు తప్పనిసరి. కొసరు లేని పాఠశాల ఔదార్య లోపమునకు చిహ్నము."

మా బడికి మూడు ఫ్యాన్లూ తిరిగొచ్చాయి, కొసర్ల కింద. రాతిపలకని తిరగేసి బట్టలుతికే బండ చేశారు. గెడ్డపేటకి ఎనిమిది కొసర్లు, వాళ్ల హెడ్మాస్టరు గారు కాలరెగరేస్తున్నారు. కానీ మండలంలో సరిగ్గా నలభై, సరిగ్గా యాభై ఉన్న బళ్ల గతేంటి? తెర ఎరుపు, గుడ్లు బంద్. నిన్న ఒక హెడ్మాస్టరు గారు బిస్కెట్ ప్యాకెట్లతో వచ్చి, అసిరిని నాలుగు రోజులు బదులిమ్మన్నారు.

"నా గుంట ఎక్కడికీ రాదు. కావాలంటే పదుగుర్ని కట్టగా తెచ్చి ఇక్కడే జేర్పించుకోండి," అంది గౌరమ్మ.

ఆయన దిగాలుగా గది చుట్టూ చూశారు. బ్లాక్‌బోర్డు, వంటావిడ, కిటికీలో కాకి. తర్వాత నన్ను చూశారు.

"మీ విద్యార్హత?"

"ఒకటో తరగతి, మధ్యలో మానేశానండి."

అదండీ సంగతి. అదిగో, నా కోసం ఆటో వస్తోంది, పలక ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి. ఉంటాను. ఈ కథ నచ్చితే ఓ పదిమందికి పంపండి. కట్టేసి ఊరుకోకండేం, పదకొండో ఆయనెవరో గుమ్మంలో నిలబడే ఉంటాడు, ఆయనక్కూడా ఒకటి వెయ్యండి.